అవ్వకు రంది

బతుకమ్మ పండుగ వచ్చింది. వాడకట్టు ఆడవాళ్ళంతా పూలు తెచ్చారు. తంగేడు, గునుగు, బంతి. వాకిళ్ళలో తాంబాళాలు పెట్టి బతుకమ్మలు పేరుస్తున్నారు. ఒక్క ఇంట్లో మాత్రం అవ్వ మంచం దిగలేదు.

వరంగల్ నుంచి పర్వతగిరి పోయే దారిలో ఒక పల్లె అనుకుందాం. ఆ పల్లెలో ఆ ఇల్లు. అవ్వకు 68 ఏళ్ళు. ప్రతి ఏడూ వాడలో అందరికంటే ఎత్తయిన బతుకమ్మను పేర్చేది ఆమే. పాట ఎత్తుకునేది ఆమే. ఈసారి కోడలు పూలు తెచ్చి ముందర పోసింది.

"అత్తమ్మా, లే. మొదటి వరుస నువ్వు పెట్టు. మిగతాది నేను పేరుస్త."

"నాకు పాణం బాగలేదు బిడ్డా. మీరు ఆడుకోండ్రి" అని అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంట్లో తలా ఒకటి అనుకున్నారు. మొన్న కూర దగ్గర తాను గట్టిగా మాట్లాడినందుకు అత్తమ్మ అలిగిందని కోడలు అనుకుంది. కొడుకు ఆరెంపీ డాక్టరును పిలిచాడు. ఆయన సెలైన్ పెట్టాడు. రెండు సూదులు వేశాడు. 600 రూపాయలు తీసుకున్నాడు. రెండు రోజులు లేచినట్టే లేచింది, మళ్ళీ పడుకుంది. అప్పుడు పట్నం తీసుకుపోయి ఒక ప్రైవేటు దవాఖానాలో చూపించారు. రక్త పరీక్ష చేశారు. ఎక్స్‌రే తీశారు. "ఏమీ లేదు, వయసు" అన్నారు. ఏమీ లేదని తెలుసుకోవడానికి నాలుగు వేలు అయ్యాయి. పక్కింటామె గాలి సోకిందంది. తాయెత్తు కూడా కట్టించారు.

అవ్వ చెప్పేది ఎప్పుడూ ఒకటే. కాళ్ళు గుంజుతున్నయి. కడుపుల మంట. తల బరువు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్ళ నిద్ర రాదు. అన్నం సయిస్తలేదు.

మనసు ఎట్లుందని ఎవరూ అడగలేదు. అడిగినా అవ్వ ఏం చెప్పేదో.

దుఃఖం వేరు, జబ్బు వేరు

దుఃఖం అందరికీ వస్తుంది. మొగుడు పోతాడు. పంట పోతుంది. బిడ్డ కాపురం చెడుతుంది. ఏడుస్తాం. నాలుగు దినాలు తిండి ముట్టం. తర్వాత పశువుకు గడ్డి వేయాలి, పిల్లలకు వండాలి అని లేస్తాం. చుట్టాలు వస్తే కాసేపు నవ్వుతాం కూడా. ఇది జబ్బు కాదు. మొగుడు పోయి నెల కాని ఆడమనిషి ఏడుస్తుంటే ఆమెకు మందులు అక్కరలేదు, పక్కన కూర్చునే మనిషి కావాలి.

కానీ కొందరికి ఆ బరువు దిగదు. రెండు వారాలు దాటినా పొద్దంతా, రోజూ అట్లాగే ఉంటుంది. ఇష్టమైన పనులు వదిలేస్తారు. తిండి, నిద్ర పాడవుతాయి. మాట తగ్గుతుంది. ఒక్కోసారి దానికి కారణమే కనిపించదు. ఇల్లు బాగుంటుంది, కొడుకు మంచివాడు, కోడలు మంచిది. అయినా మనిషి కుంగిపోతుంది. డాక్టర్లు దీన్ని డిప్రెషన్ అంటారు. పుస్తకాల్లో కుంగుబాటు అని రాస్తారు. మన వైపు రంది పట్టుకున్నదంటారు. బీపీ, షుగర్ ఎట్లాంటి జబ్బులో ఇదీ అట్లాంటి జబ్బే. మందు ఉంది. నయమవుతుంది.

ముసలితనంలో ఈ జబ్బును గుర్తుపట్టడం కష్టం. పడుచువాళ్ళు "నా మనసు బాగలేదు" అంటారు. ముసలివాళ్ళు ఆ మాట అనరు. వాళ్ళకు ఆ అలవాటు లేదు. నొప్పి ఉందని చెప్పుకోవచ్చు, దిగులుగా ఉందని చెప్పుకోవడానికి సిగ్గు. అందుకే మనసులోని బరువు కాళ్ళ నొప్పిగా, కడుపు మంటగా బయటికి వస్తుంది. నిజంగానే నొప్పి ఉంటుంది, నాటకం కాదు.

మగవాళ్ళు ఇంకో రకం. ముసలాయనకు రంది పట్టుకుంటే ఏడవడు. చిరాకు పడతాడు. చాయ్‌లో చక్కెర తక్కువైందని గ్లాసు విసిరేస్తాడు. లేదా పొద్దున్నే కల్లు దుకాణం దారి పడతాడు. ఇంటిల్లిపాదీ ఆయన గుణాన్ని తిట్టుకుంటారు గాని జబ్బని అనుకోరు.

దేశమంతటా 2017-18లో ఒక పెద్ద సర్వే జరిగింది. అందులో 60 ఏళ్ళు దాటినవాళ్ళను ప్రశ్నలు అడిగి చూశారు. వెయ్యి మందిలో సుమారు 83 మందికి ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి. "నీకు ఈ జబ్బు ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పాడా?" అని కూడా అడిగారు. అవునన్నవాళ్ళు వెయ్యికి 8 మందే. 83 లో నుంచి 8 తీసేయండి. 75 మిగులుతుంది. వెయ్యి మంది ముసలివాళ్ళు ఉన్నచోట ఆ 75 మంది, ఈ అవ్వలాగానే, జబ్బు పేరు తెలియకుండా గోడ వైపు తిరిగి పడుకున్నారన్నమాట.

ఆశా అక్క చేతిలో కాగితం

ఊర్లో ఆశా కార్యకర్త ఉంటుంది. ఆమె దగ్గర ఒక ఫారం ఉంటుంది. 30 ఏళ్ళు దాటినవాళ్ళ ఇంటింటికీ పోయి ఆ ఫారం నింపాలి. బీడీ, చుట్ట, తంబాకు అలవాటు ఉందా, నడుము కొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా అని అందులో ఉంటుంది. చివరి వైపు మనసు గురించి రెండు ప్రశ్నలు ఉంటాయి.

మొదటిది. పోయిన రెండు వారాల్లో ఏ పని మీదా ఇష్టం లేకుండా, ఏది చేసినా సంతోషం లేకుండా ఉందా?

రెండోది. మనసు దిగులుగా, కుంగిపోయినట్టుగా, ఇక ఏ దారీ లేనట్టుగా అనిపించిందా?

అవును, కాదు అంటే సరిపోదు. ఎన్ని రోజులు అనేది ముఖ్యం. అసలు లేదంటే 0. కొన్ని రోజులు అంటే 1. సగం కంటే ఎక్కువ రోజులు అంటే 2. దాదాపు రోజూ అంటే 3. రెండు ప్రశ్నలవి కలపాలి. ఎక్కువలో ఎక్కువ 6 వస్తుంది. మొత్తం 3 దాటితే దవాఖానాకు పంపమని ఫారంలో ఉంది. ఈ రెండు ప్రశ్నలను తయారుచేసినవాళ్ళు 3 వచ్చినా పంపాలనే అంటారు. ముసలివాళ్ళ విషయంలో 3 వస్తేనే పంపడం మంచిది. పోయేదేముంది, ఒక పూట.

రెండు వారాలు అంటే ముసలివాళ్ళకు లెక్క దొరకదు. "పోయిన అంగడికి ముందటి అంగడి నుంచి ఇప్పటిదాకా" అంటే వెంటనే తెలుస్తుంది.

మరి మన అవ్వను అడగలేదా అంటే, అడిగారు. ఆశా అక్క వచ్చినప్పుడు కొడుకు వాకిట్లోనే ఉన్నాడు. కోడలు బియ్యం చెరుగుతోంది. పక్కింటామె గోడ మీద నుంచి చూస్తోంది. అవ్వకు చెవులు కొంచెం దూరం. అందుకని ఆశా అక్క గట్టిగా అరిచి అడిగింది. "మనసుకు బాధగా ఉంటుందా అవ్వా?" వాడంతా వినిపించింది. అవ్వ ఏమంటుంది?

"ఏం లేదు బిడ్డా. మంచిగున్న."

ఫారంలో 0 పడింది. 0 పడ్డ తర్వాత ఆ కాగితం ప్రకారం ఆ ఇంట్లో జబ్బు లేదు. ఇది ఆశాల తప్పు అనడానికి వీల్లేదు. ఒక్కొక్కరి చేతిలో ఎన్నో ఇళ్ళు, ఎన్నో ఫారాలు. గర్భిణీలు, పసిపిల్లల టీకాలు, అన్నీ వాళ్ళే చూడాలి. కానీ ఈ రెండు ప్రశ్నలు మాత్రం నిలబడి అడిగేవి కావు.

ఆశా అక్క పోయేటప్పుడు కోడలు వెనకాలే గడప దాకా వచ్చింది.

"అక్కా, అత్తమ్మ ఈసారి బతుకమ్మ పేర్వలేదు. దినమంతా పండుకునే ఉంటది. అడిగితే కాళ్ళ నొప్పంటది."

ఆ మాట ఏ పరీక్షకైనా సమానం. ఇంట్లో ఉండే మనిషికే మార్పు తెలుస్తుంది. నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయడం లేదంటే అదే మొదటి గుర్తు. ఆశా అక్క మరో రోజు మధ్యాహ్నం వచ్చింది. కొడుకు చేనుకు పోయాడు. కోడలు కావాలనే నీళ్ళకు పోయింది. ఆశా అక్క మంచం పట్టె మీద కూర్చుని అవ్వ చెవి దగ్గర మెల్లగా అడిగింది. మొదటి దానికి 3. రెండో దానికి 2. మొత్తం 5.

జల్లెడ పట్టినట్టు

పిండి జల్లిస్తాం. జల్లెడలో నూక మిగులుతుంది. మిగిలినదంతా పారేసేది కాదు. చేత్తో చూసుకుంటాం. ఈ రెండు ప్రశ్నలూ జల్లెడ లాంటివే. 5 వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. డాక్టరు చూడాలి.

మొదట పల్లె దవాఖానా. బస్తీలో అయితే బస్తీ దవాఖానా. తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ 9 ప్రశ్నలు అడుగుతారు. ముందు అడిగిన రెండూ అందులోనే ఉంటాయి. నిద్ర ఎట్లా ఉంది, ఆకలి ఎట్లా ఉంది, నీరసంగా ఉందా, నేను దేనికీ పనికిరాననిపిస్తుందా, మనసు ఒక చోట నిలుస్తుందా, నడక, మాట మందగించాయా, చచ్చిపోతే బాగుండుననిపిస్తుందా. మొత్తం 27 మార్కులు. బడి పరీక్షలో మార్కులు ఎక్కువ వస్తే సంతోషం. ఇక్కడ తక్కువ వస్తే సంతోషం. 10 గాని, అంతకంటే ఎక్కువ గాని వస్తే జాగ్రత్తగా చూడాలి.

ముసలివాళ్ళ కోసమే ఇంకో ప్రశ్నల పట్టిక ఉంది. 1980లలో అమెరికా డాక్టర్లు తయారుచేశారు. మొదట 30 ప్రశ్నలు. తర్వాత 15కు తగ్గించారు. అన్నిటికీ అవును, కాదు అంటే చాలు. అందులో నిద్ర, నొప్పుల గురించి అడగరు. ఎందుకంటే ముసలితనంలో జబ్బు లేకపోయినా నిద్ర తగ్గుతుంది, నొప్పులు ఉంటాయి. అందుకని బతుకు గురించి అడుగుతారు. ఇల్లు కదలాలని లేదా, బతుకు వెలితిగా ఉందా, చేసే పనులు మానుకున్నారా, ఇట్లాంటివి.

ప్రశ్నలు అయిన తర్వాత డాక్టరు ఒళ్ళు కూడా చూడాలి. ఇది తప్పదు. థైరాయిడ్ తక్కువైతే మనిషి ఇట్లాగే మందగిస్తుంది. రక్తం తక్కువైనా, బీ12 విటమిన్ తక్కువైనా అంతే. పక్షవాతం వచ్చిన తర్వాత, గుండె జబ్బు వచ్చిన తర్వాత రంది పట్టుకోవడం మామూలు. కొన్ని మందుల వల్ల కూడా నీరసం, దిగులు వస్తాయి. కాబట్టి ఇంట్లో అవ్వ మింగే గోళీలన్నీ ఒక సంచిలో వేసుకుని పోవాలి. ఆరెంపీ ఇచ్చినవి, పట్నంలో రాసినవి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్నవి, అన్నీ.

మతిమరుపు జబ్బుకూ దీనికీ పోలిక ఉంటుంది. రెంటిలోనూ మనిషి మాట తగ్గిస్తుంది, ఏదడిగినా తెలియదంటుంది. మతిమరుపు మెల్లగా, ఏళ్ళ తరబడి వస్తుంది. రంది కొన్ని వారాల్లో, నెలల్లో తెలుస్తుంది. రెండూ కలిసి ఉండేవాళ్ళూ ఉంటారు. అది తేల్చడం డాక్టరు పని.

చెవి, కన్ను సంగతి మరవొద్దు. చెవి వినపడని మనిషి నలుగురిలో కూర్చున్నా ఒంటరే. అందరూ నవ్వుతారు, ఎందుకు నవ్వారో తెలియదు. ఒకటికి రెండుసార్లు అడిగితే విసుక్కుంటారు. మెల్లగా అడగడం మానేస్తుంది. శుక్లం తీయించినా, చెవి మిషను పెట్టించినా మనసు కూడా తేలికపడుతుంది.

పెద్ద దవాఖానా అవసరమైతే వరంగల్‌లో ఎంజీఎం ఉంది. అక్కడ మానసిక వైద్యం విభాగం ఉంది. ఆ గది ముందు నిలబడితే పిచ్చి అంటారని చాలామంది భయపడతారు. షుగర్ గది ముందు నిలబడితే ఎవరూ ఏమీ అనరు.

పంపితే సరిపోదు

ఆశాలు ఇంత పని చేయగలరా అని కొందరి అనుమానం. పశ్చిమ గోదావరి జిల్లాలో చేసి చూశారు. అక్కడ 30 గిరిజన గ్రామాల్లో పెద్దవాళ్ళను ఆశాలే ప్రశ్నలు అడిగారు. జవాబులు చిన్న కంప్యూటరు పలకలో నింపారు. ముసలివాళ్ళే కాదు, 18 ఏళ్ళు దాటిన అందరినీ అడిగారు. 5,007 మందిని చూస్తే 238 మందిని డాక్టరు చూడాలని తేలింది. ఈ లెక్కలు 2017లో అచ్చయ్యాయి.

ఆ 238 మందిలో మూడు నెలల్లో డాక్టరు దగ్గరికి పోయింది ఎందరు? 30 మంది. అంతకుముందు నూటికి ఒక్కరు కూడా పోలేదు కాబట్టి ఇది పెద్ద మార్పే. పోనివాళ్ళు 208 మంది అనేది కూడా నిజమే.

ముసలి మనిషి డాక్టరు దగ్గరికి ఎందుకు పోదో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? ఒంటరిగా బస్సు ఎక్కలేదు. తోడు పోతే కొడుకుకో కోడలికో ఆ రోజు కూలి పోతుంది. పత్తి ఏరే కాలమైతే అసలే కుదరదు. "నా కోసం ఖర్చెందుకు" అని ముసలామే అడ్డం పడుతుంది. ఈ జబ్బు లక్షణమే అది, నేను ఖర్చుకు తగిన మనిషిని కాదనిపించడం. అందుకని ఆ మాట విని ఊరుకోవద్దు. పింఛను తెచ్చుకునే రోజునో, అంగడి రోజునో కలుపుకుని పోతే ఒక దారి ఖర్చు తప్పుతుంది.

గోవాలో చేసిన పని ఇంకా బాగుంది. అక్కడ 60 ఏళ్ళు దాటిన 181 మందిని తీసుకున్నారు. వాళ్ళకు దిగులు కొంచెం మొదలైంది, ఇంకా జబ్బు కాలేదు. సగం మంది దగ్గరికి తర్ఫీదు పొందిన మామూలు మనుషులు పోయి మాట్లాడారు. వాళ్ళు డాక్టర్లు కారు. ఆరు నుంచి పది సార్లు పోయారు. ఉన్న చిక్కుల్లో ఒకదాన్ని తీసుకుని ఎట్లా తీర్చుకోవాలో కలిసి ఆలోచించారు. నిద్ర పట్టడానికి ఉపాయాలు చెప్పారు. షుగర్ లాంటి జబ్బులను ఎట్లా చూసుకోవాలో చెప్పారు. సర్కారు సాయం రావాల్సి ఉంటే దానికి దారి చూపారు. ఏడాది తర్వాత చూస్తే, అట్లా మాట్లాడినవాళ్ళలో నూటికి 4 మందికి జబ్బు వచ్చింది. మిగతా సగంలో నూటికి 14 మందికి వచ్చింది. 2019లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

గోళీ గురించి

డాక్టరు గోళీలు రాస్తే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఇవి తలనొప్పి గోళీల వంటివి కావు, మింగిన గంటకు పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ముసలివాళ్ళకు ఇంకొంచెం ఆలస్యం. మొదటి వారం కడుపులో తిప్పినట్టు ఉండవచ్చు. "గోళీ పడలేదు" అని నాలుగో రోజే మానేసేవాళ్ళు ఎక్కువ. అక్కడే నష్టం. అయితే మనిషి మత్తుగా, తికమకగా మాట్లాడితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ముసలివాళ్ళలో ఈ మందుల వల్ల ఒంట్లో ఉప్పు తగ్గడం ఉంటుంది. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు, చాలామందికి ఏడాది వాడాలి. మానాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. వీటికి మనిషి అలవాటు పడిపోతుందని అంటారు, అది నిజం కాదు.

అలవాటు పడేవి వేరే ఉన్నాయి, నిద్రగోళీలు. దుకాణంలో అడిగి తెచ్చి ముసలివాళ్ళకు వేస్తారు. రాత్రి మూత్రానికి లేచి తూలి పడతారు. తుంటి ఎముక విరుగుతుంది. ఆ తర్వాత మంచమే. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం కూడా ఈ జాతి మందే. రోజూ ఆ కల్లు తాగే మనిషికి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, ఫిట్స్ వస్తాయి. అది కూడా డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

జబ్బు తక్కువగా ఉంటే గోళీ లేకుండానే మాటతో, పనితో తగ్గించవచ్చు. పని అంటే చేతనైన చిన్న పని. చిక్కుడుకాయ తుంచడం. కోళ్ళకు నూకలు వేయడం. పొద్దున ఎండలో వీధి చివరి దాకా నడిచి రావడం. మనసు బాగైన తర్వాత పని చేస్తాననుకుంటే ఆ రోజు రాదు. పని మొదలుపెడితే మనసు వెనకాల వస్తుంది. ఇంట్లోవాళ్ళు ఒక మాట మానుకోవాలి. "నీకేం తక్కువ? ధైర్యంగా ఉండు" అనే మాట. కాలు విరిగినవాళ్ళను లేచి నడవమన్నట్టు ఉంటుంది అది.

చావు మాట వింటే

"దేవుడు నన్నెందుకు తీస్కపోతలేడో" అని ముసలివాళ్ళు అంటూనే ఉంటారు. నడుము పట్టేసినప్పుడు నిట్టూర్పుగా వచ్చే మాట అది. అందరూ వింటారు, ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ మాటతో పాటు మనిషి తిండి మానేస్తే, షుగర్ గోళీలు మింగడం మానేస్తే, చెవుల కమ్మలు తీసి మనుమరాలికి ఇచ్చేస్తే, అది నిట్టూర్పు కాదు.

అప్పుడు నేరుగా అడగాలి. "అవ్వా, చచ్చిపోవాలనిపిస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం అక్కరలేదు. అడిగితే అవతలి మనిషికి బరువు దిగుతుంది. అవునంటే ఒక్కదాన్నీ వదలొద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే తీసేసి తాళం వేయాలి. గోళీలు కూడా ఇంకొకరి దగ్గర పెట్టాలి. అదే రోజు దవాఖానాకు పోవాలి. అవసరమైతే 108 పిలవాలి. 14416 అనే నంబరు కూడా ఉంది. పేరు టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలైనా రాత్రైనా ఎత్తుతారు, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు. ముసలివాళ్ళే కాదు, వాళ్ళను చూసుకోలేక అలిసిపోయిన కోడళ్ళు కూడా చేయవచ్చు.

ఎవరైనా ప్రాణం తీసుకోబోతే కేసు అవుతుందని దాచిపెట్టే ఇళ్ళు ఉన్నాయి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అట్లాంటి మనిషి తీవ్రమైన బాధలో ఉన్నట్టే లెక్క. శిక్ష ఉండదు. సర్కారు వైద్యం చేయించాలి.

వరంగల్ జిల్లాకు ఈ మాట కొత్తది కాదు. 1997-98లో పత్తిని పురుగు తినేసింది. అప్పులు మీదపడి ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు పసుపు కుంకుమలు పోయిన ఆడవాళ్ళు అప్పులు తీర్చారు, పిల్లలను పెంచారు, పెళ్ళిళ్ళు చేశారు. వాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. అన్ని ఏళ్ళు ఏడవడానికి తీరిక లేదు వాళ్ళకు. పని తగ్గి మంచం మీద కూర్చున్నప్పుడు పాతవన్నీ మీదికి వస్తాయి.

వంతులు

రందికి ఒంట్లో కారణాలు ఉన్నట్టే ఇంట్లో కారణాలూ ఉంటాయి. చాలా ఇళ్ళలో తల్లిదండ్రులను కొడుకులు వంతులు వేసుకుంటారు. నెల ఇక్కడ, నెల అక్కడ. కొన్ని చోట్ల తల్లి ఒకరికి, తండ్రి ఒకరికి. నలభై ఏళ్ళు కలిసి బతికినవాళ్ళు పండుగకు మాత్రమే కలుస్తారు. కొడుకులకు అది న్యాయమైన లెక్కే. ముసలివాళ్ళకు మాత్రం ఏ ఇల్లూ తనది కాదు. తిండి పెట్టకుండా, కొట్టి బాధపెడితే దానికి చట్టం ఉంది. 2007లో వచ్చింది. ఆర్డీఓ దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. 14567 అనే నంబరుకు చేస్తే దారి చెబుతారు. ఆ నంబరు ముసలివాళ్ళ కోసమే.

మన అవ్వకూ వంతు ఉంది. నెల ఇక్కడ, నెల వరంగల్‌లో పెద్ద కొడుకు దగ్గర. దవాఖానాలో డాక్టరు చూసి గోళీలు రాశాడు. థైరాయిడ్ పరీక్ష చేయించాడు, బాగానే ఉంది. మూడో వారానికి అవ్వ రాత్రి నాలుగున్నర దాకా నిద్రపోయింది. నాలుగో వారంలో ఒక రోజు, అడగకుండానే, కోళ్ళ గంప ఎత్తింది. అంతే. పాట పాడలేదు. పెద్దగా నవ్వలేదు. కోళ్ళ గంప ఎత్తింది.

సరిగ్గా అప్పుడే వంతు మారింది. అక్కడికి పోతే గోళీ సంగతి ఎవరు చూస్తారు? యారాలికి ఫోనులో చెబితే సగం వింటుంది, సగం మరుస్తుంది. కోడలు పిల్లవాడి నోటు పుస్తకంలో నుంచి ఒక కాగితం చింపింది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు. రాయడానికి గంట పట్టింది. రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది. మడిచి గోళీల కవరులో పెట్టి అవ్వ సంచిలో వేసింది.

"అక్కా, అత్తమ్మకు రోజు రాత్రి అన్నం తిన్నంక ఒక గోళి. బాగయిందని ఆపొద్దు. ఎడమ చెవి దిక్కు కూసోని మాట్లాడు, వినపడతది. చిక్కుడుకాయ ఉంటె తుంచమను. 18 తారీకు దవకానకు పోవాలె. నేను బస్టాండు కాడికి వస్త."